కాల్గరీలో నా తొలి ఓటు, ఆ తర్వాత నేను లెక్కపెట్టిన ఓట్లు

కెనడా పౌరసత్వ ప్రమాణం చేసిన రోజే నా భారత పౌరసత్వం పోయింది, దానితోపాటు ఓటూ పోయింది. రెండు పౌరసత్వాలు మనకు కుదరవు. పాస్‌పోర్టు సరెండర్ చేసి, విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకిచ్చే ఓసీఐ కార్డు తీసుకోవచ్చు గానీ, ఆ కార్డుతో ఇండియాలో ఓటు వేయలేం. ఖమ్మంలో ఓటర్ల జాబితా నుంచి నా పేరు తీయించమని తమ్ముడికి ఫోన్‌లో చెబుతుంటే గొంతు పట్టేసింది. అంత వదులుకుని తెచ్చుకున్న ఓటును పూర్తిగా తెలుసుకునే వాడాలని అప్పుడే అనుకున్నాను. 2025 ఏప్రిల్ 28 ఫెడరల్ (కేంద్ర పార్లమెంటు) ఎన్నిక నాకు తొలి అవకాశం. ఆ ఎన్నికలో ఓటు వేయడమే కాదు, పోలింగ్ సిబ్బందిగా పనిచేసి, రాత్రి ఓట్ల లెక్కింపులోనూ కూర్చున్నాను. కొత్తగా పౌరసత్వం తీసుకుంటున్న మనవాళ్లకు పనికొస్తుందని ఇదంతా రాస్తున్నాను.

ముందు జాబితా సంగతి. ఇక్కడ చాలామంది పేర్లు ఇన్‌కమ్ టాక్స్ రిటర్న్ ద్వారానే ఓటర్ల జాబితాలో చేరిపోతాయి. మీరు కెనడా పౌరులేనా, మీ వివరాలు ఎలక్షన్స్ కెనడాకు (ఫెడరల్ ఎన్నికలు నడిపే సంస్థకు) ఇవ్వమంటారా అని ఆ ఫారంలో అడుగుతారు. అవునని టిక్ పెడితే చాలు. నేను అందాకా ఆగలేక వాళ్ల సైట్‌లో నేరుగా నమోదు చేసుకున్నాను. మార్చి 23న ప్రధాని మార్క్ కార్నీ ఎన్నిక ప్రకటించారు. కొద్ది రోజులకే ఓటరు సమాచార కార్డు పోస్టులో వచ్చింది. ఎక్కడ, ఎప్పుడు ఓటు వేయాలో అందులో ఉంటుంది. అదొక్కటే చూపిస్తే కుదరదు, గుర్తింపు పత్రం వేరే కావాలి. ఫొటో, చిరునామా ఉన్న డ్రైవింగ్ లైసెన్స్ ఉంటే ఇంకేమీ అక్కర్లేదు.

మా ఆయన ఇంకా పీఆర్ (శాశ్వత నివాస అనుమతి) మీదే ఉన్నారు. పీఆర్ వాళ్లకు ఇక్కడ మున్సిపల్ ఓటు కూడా లేదు. కానీ చాలామంది మనవాళ్లకు తెలియని విషయం ఒకటుంది. రెండు పెద్ద పార్టీలైన లిబరల్, కన్జర్వేటివ్‌లలో పీఆర్ వాళ్లు సభ్యులుగా చేరవచ్చు, నియోజకవర్గ అభ్యర్థిని ఎంచుకునే పార్టీ అంతర్గత పోటీలో ఓటు వేయవచ్చు. గెలుపు ముందే ఖాయమనుకునే సీట్లలో అసలు పోటీ అక్కడే జరుగుతుంది. పంజాబీలు ఈ కిటుకు ఎప్పుడో పట్టుకున్నారు. మనం ఉగాదికి, బతుకమ్మకు హాలు నింపినట్టు ఒక్క నామినేషన్ మీటింగుకైనా వెళ్తే, ఎంపీలు మన ఊసు ఎత్తకుండా ఉండరని నా నమ్మకం.

ఇక ఎవరికి వేయాలన్నది. కెనడాలో ప్రధానికి నేరుగా ఓటు వేయరు. దేశంలో 343 నియోజకవర్గాలున్నాయి, మీ నియోజకవర్గ ఎంపీకి మాత్రమే వేస్తారు. ఎక్కువ ఓట్లు వచ్చినవాళ్లు గెలుస్తారు, సగం దాటాలన్న నియమం లేదు. ఇంతవరకు మన లోక్‌సభ పద్ధతే. నాకు తలకెక్కడానికి ఏళ్లు పట్టింది పార్టీల వ్యవహారం. ఒకే దేశంలో మూడు నాలుగు దేశాల రాజకీయాలు నడుస్తున్నట్టు ఉంటుంది.

నేను చదువుకోవడానికి మొదట వచ్చింది మాంట్రియల్‌కు. ఫ్రెంచ్ మాట్లాడే క్యుబెక్ ప్రావిన్స్‌లో ఉందది, ప్రావిన్స్ అంటే మన రాష్ట్రం లాంటిది. 2019 ఎన్నికప్పుడు అక్కడే ఉన్నాను. వీధిలో ప్రతి స్తంభానికీ అభ్యర్థుల ఫొటోలున్న పోస్టర్లు కట్టారు, అన్నీ ఫ్రెంచ్‌లో. వాటిలో బ్లాక్ కెబెక్వా అనే పార్టీవి లేత నీలం రంగులో ఎక్కడ చూసినా కనిపించేవి. ఆ పార్టీ క్యుబెక్‌లో తప్ప ఇంకెక్కడా పోటీ చేయదు. అంటే అక్కడ ఉన్న సీట్లన్నీ గెలిచినా ప్రభుత్వం ఏర్పాటు చేసే అవకాశం లేదు. మా ఇంటి ఓనరమ్మ రిటైరైన టీచర్. "గెలిచి ఏం చేస్తారండీ?" అని ఆవిడనే అడిగాను. "రాజధాని ఒట్టావాలో ఎవరు కూర్చున్నా మా భాష, మా చట్టాల జోలికి రాకుండా చూసేవాళ్లు అక్కడ ఉండాలి కదా" అంది. 1995లో క్యుబెక్ విడిపోవాలా వద్దా అన్న రెఫరెండంలో 'వద్దు' పక్షం 50.58 శాతంతో గట్టెక్కింది. ఈవిడ కూడా వద్దనే వేసిందట. దేశం విడిపోవడం ఇష్టం లేదు, అయినా ఓటు మాత్రం బ్లాక్‌కే.

నాకు అది వెంటనే అర్థమైంది. 1984లో దేశమంతా కాంగ్రెస్ గాలి వీస్తుంటే తెలుగుదేశం 30 సీట్లు గెలిచి లోక్‌సభ ప్రతిపక్షంలో అతిపెద్ద పార్టీ అయింది. 1993లో బ్లాక్ కూడా 54 సీట్లతో కెనడా పార్లమెంటులో అధికారిక ప్రతిపక్షంగా కూర్చుంది. ఢిల్లీలో మన మాట వినపడాలని ఓటు వేసిన ఇళ్లలో పెరిగినవాళ్లకు క్యుబెక్ రాజకీయం కొరుకుడు పడటం కష్టం కాదు.

ఉద్యోగం వచ్చి ఆల్బర్టా ప్రావిన్స్‌లోని కాల్గరీకి మారాక అంతా తలకిందులైంది. ఇక్కడ స్తంభాలకు ఫొటోలు కట్టరు, ఇళ్ల ముందు గడ్డిలో పేరు రాసిన బోర్డులు పాతుతారు. మా వీధిలో అప్పట్లో దాదాపు అన్నీ కన్జర్వేటివ్ నీలం బోర్డులే. 2019లో ఆల్బర్టా, సస్కాచెవాన్ రెండు ప్రావిన్సుల్లోనూ లిబరల్స్‌కు ఒక్క సీటూ రాలేదు, అయినా దేశంలో ప్రభుత్వం వాళ్లదే. పైగా మొత్తం ఓట్లలో కన్జర్వేటివ్‌లకే ఎక్కువ వచ్చాయి. 2021లోనూ ఓట్లు కన్జర్వేటివ్‌లకే ఎక్కువ, ప్రభుత్వం మాత్రం లిబరల్స్‌దే. ఇక్కడివాళ్ల కడుపుమంటకు అది చాలు.

ఆ మంట పాతది కూడా. మా ఆఫీసులో ఒకాయన తండ్రికి డ్రిల్లింగ్ కంపెనీ ఉండేదట. 1980లో పియర్ ట్రూడో ప్రభుత్వం నేషనల్ ఎనర్జీ ప్రోగ్రాం తెచ్చింది. చమురు ధర మీద, ఆదాయం మీద కేంద్రం పట్టు పెంచిన పథకం అది. దాని మీద వడ్డీ రేట్ల దెబ్బ, ఆ తర్వాత చమురు ధర పతనం. కంపెనీ పోయింది, ఇల్లు పోయింది. ఆర్థికవేత్తలు ఏది ఎంత కారణమో లెక్కలు కడతారు గానీ, ఆ ఇంట్లో మాత్రం దానికి ఒకటే పేరు, ట్రూడో. కొడుకు జస్టిన్ ట్రూడో 2015లో ప్రధాని అయినప్పుడు ఆ కుటుంబానికి అది కొత్త కథలా ఎలా అనిపిస్తుంది? 1987లో ప్రెస్టన్ మానింగ్ రిఫార్మ్ పార్టీ పెట్టింది ఈ కోపం మీదే. 2003లో ఆ పాయ, పాత ప్రోగ్రెసివ్ కన్జర్వేటివ్ పాయ కలిసి ఇప్పటి కన్జర్వేటివ్ పార్టీ అయ్యాయి. ఈక్వలైజేషన్ గొడవ సరేసరి. కేంద్రం ఆదాయం తక్కువున్న ప్రావిన్సులకు ఇచ్చే ఈ నిధుల్లో సగానికి పైగా క్యుబెక్‌కే వెళ్తాయి, ఆల్బర్టాకు రావు. 2021లో దీన్ని రాజ్యాంగం నుంచి తీసేయాలా అని ఆల్బర్టా రెఫరెండం పెడితే దాదాపు 62 శాతం తీసేయాలనే అన్నారు. తెలంగాణలో నిధుల మాట వింటూ పెరిగినదాన్ని కాబట్టి ఆ మాటల్లో నిజమైన బాధ ఎంతో, కట్టిన కథ ఎంతో విడదీసి వినడానికి ప్రయత్నించాను. రెండూ ఉన్నాయి.

ఇంతలో ఇంకో చిక్కు. ఫెడరల్ పార్టీ వేరు, ప్రావిన్స్ పార్టీ వేరు. ఆల్బర్టాలో పాలించేది యునైటెడ్ కన్జర్వేటివ్ పార్టీ, ఫెడరల్ కన్జర్వేటివ్‌లతో దాని సభ్యత్వం కలవదు. అంటారియో ప్రీమియర్ (మన ముఖ్యమంత్రి లాంటివారు) డగ్ ఫోర్డ్‌ది ప్రోగ్రెసివ్ కన్జర్వేటివ్ పార్టీ. ఫెడరల్ కన్జర్వేటివ్ నాయకుడు పియర్ పోలియెవ్‌తో 2025లో ఆయన అంటీముట్టనట్టే ఉన్నారు. బ్రిటిష్ కొలంబియాలో ఒకప్పుడు లిబరల్ అన్న పేరుతో ఉన్న ప్రావిన్స్ పార్టీ ఫెడరల్ లిబరల్స్‌కు చుట్టమే కాదు, అందులో సగం మంది కన్జర్వేటివ్‌లు. సస్కాచెవాన్ ఇంకా విచిత్రం. ఇప్పుడు మనందరం వాడుకుంటున్న ఉచిత వైద్యం మొదలైంది అక్కడ, టామీ డగ్లస్ పార్టీ అయిన సీసీఎఫ్ పాలనలో. ఇప్పటి వామపక్ష పార్టీ ఎన్డీపీకి (న్యూ డెమోక్రటిక్ పార్టీకి) మూలం ఆ పార్టీయే. 2025లో ఆ ప్రావిన్స్‌లోని 14 ఫెడరల్ సీట్లలో 13 కన్జర్వేటివ్‌లవి, ఎన్డీపీకి ఒక్కటీ లేదు. ఉత్తరాన నూనవుట్, నార్త్‌వెస్ట్ టెరిటరీల శాసనసభల్లోనైతే అసలు పార్టీలే ఉండవు.

మా తెలుగు సంఘంలో ఒంగోలు నుంచి వచ్చిన పెద్దాయన ఒకరున్నారు, అందరం అన్నయ్య అని పిలుస్తాం. ఆయన ఫెడరల్‌కు కన్జర్వేటివ్‌కు వేస్తారు, ప్రావిన్స్‌కు ఎన్డీపీకి వేస్తారు, కాల్గరీ మేయర్‌గా నహీద్ నెన్షీ నిలబడ్డ ప్రతిసారీ ఆయనకే వేశారు. "ఇదేంటి అన్నయ్యా, ఇటూ అటూనా?" అంటే, "ఏముందమ్మా, పైప్‌లైన్, పన్నులు చూసేది ఒట్టావా. మీ వదిన పనిచేసే ఆసుపత్రిని చూసేది ఎడ్మంటన్‌లోని ప్రావిన్స్ ప్రభుత్వం. మంచు తీసేది కాల్గరీ సిటీ. ఒక్కో పనికి ఎవరు నయమో వాళ్లకు వేస్తా" అన్నారు. ఎన్నికల వేళ నాకు అన్నిటికన్నా పనికొచ్చిన సలహా ఇదే. మా తాతగారి రోజుల నుంచి మా ఇంట్లో అన్ని ఎన్నికలకూ ఒకే పార్టీ. అలా విడదీసి ఆలోచించవచ్చని నాకు ఎవరూ చెప్పలేదు.

పోలింగ్ సిబ్బందికి ఎలక్షన్స్ కెనడా మామూలు జనాన్నే తీసుకుంటుంది. పౌరులై ఉండాలి, జీతం ఇస్తారు, ముందు శిక్షణ ఉంటుంది, తటస్థంగా ఉంటామని ప్రమాణం చేయిస్తారు. ఎన్నిక రోజు డ్యూటీలో ఉంటాను కాబట్టి నా ఓటు ముందస్తు పోలింగ్‌లో వేశాను. గుడ్ ఫ్రైడే నుంచి ఈస్టర్ సోమవారం దాకా, ఏప్రిల్ 18 నుంచి 21 వరకు జరిగిందది. మా కమ్యూనిటీ హాలు చుట్టూ క్యూ. అమెరికా అధ్యక్షుడు ట్రంప్ టారిఫ్‌లు, కెనడాను 51వ రాష్ట్రం చేస్తానన్న మాటలు జనాన్ని ఇళ్లలో కూర్చోనివ్వలేదు. ఆ నాలుగు రోజుల్లో దేశమంతా 73 లక్షల మంది వేశారు, ముందస్తు ఓటింగ్‌లో అదే రికార్డు.

నా వంతు వచ్చింది. "హలో, బోంజూర్" అన్నారు, కాల్గరీలో కూడా రెండు భాషల్లో పలకరించాల్సిందే. లైసెన్స్ చూశారు, జాబితాలో పేరు కొట్టారు, మడిచిన బ్యాలెట్ ఇచ్చారు. అట్ట తెర వెనక్కి వెళ్లి విప్పాను. నల్లటి కాగితం మీద తెల్లటి అక్షరాల్లో పేర్లు, ఇంటిపేరు అక్షరక్రమంలో, కింద పార్టీ పేరు, పక్కన తెల్లటి గుండ్రని గడి. చెయ్యి లేదు, సైకిల్ లేదు, ఫ్యాను లేదు, కారు లేదు. ఆ రాత్రి అమ్మ ఫోన్ చేసి "ఏ గుర్తుకు వేశావే?" అంటే, గుర్తులు లేవమ్మా, చదువుకుని వేయాలి అన్నాను. "మరి చదువు రానివాళ్లో?" అంది. మంచి ప్రశ్నే. సాయం కావాలంటే తోడు తెచ్చుకోవచ్చు, సిబ్బందినీ అడగవచ్చు. అయినా మన గుర్తుల పద్ధతి ఎంత ఆలోచించి పెట్టిందో ఆ క్షణంలో తెలిసింది.

గడిలో పెన్సిల్‌తో గుర్తు పెట్టి, మడిచి తెచ్చి ఇచ్చాను. వెనక తాము పెట్టిన పొడి సంతకం చూసుకుని, నంబరున్న చీటీ చింపేసి బ్యాలెట్ నా చేతికే ఇచ్చారు. అట్టపెట్టెలో నేనే వేశాను. వేలికి సిరా లేదు, బీప్ అనే యంత్రం లేదు. కానీ ఆ పెట్టె ముందు ఒక్క క్షణం ఆగాను. బ్రిటిష్ కొలంబియాలో 1907 నుంచి 1947 దాకా భారతీయులకు ఓటు లేదు. ప్రావిన్స్ ఓటు లేనివాళ్లకు ఫెడరల్ ఓటూ ఉండేది కాదు. ఇక్కడి మూలవాసులు చట్టం ఇచ్చిన హోదా వదులుకోకుండా ఫెడరల్ ఓటు వేయగలిగింది 1960లో. సామిళ్లలో దుంగలు మోసిన ఆ సిక్కుల పోరాటం లేకపోతే నా చేతికి ఆ కాగితం వచ్చేదా?

ఏప్రిల్ 28న తెల్లారకముందే డ్యూటీకి వెళ్లాను. మా టైమ్‌లో పోలింగ్ ఉదయం 7:30 నుంచి రాత్రి 7:30 దాకా. ఓటు వేయడానికి వరసగా మూడు గంటలు దొరికేలా చూడటం కంపెనీల బాధ్యత, చట్టం ఉంది. కాబట్టి మధ్యాహ్నం తర్వాత జనం పెరిగారు. ఒక పంజాబీ బామ్మ కొడుకుతో వచ్చింది, ఆమె దగ్గర చిరునామా ఉన్న కాగితం ఏదీ లేదు. వెనక్కి పంపేస్తారేమోనని వాళ్లకు టెన్షన్. అదే పోలింగ్ పరిధిలో ఉండే ఓటరు ఒకరు తన గుర్తింపు చూపించి, ఈమె నాకు తెలుసు, ఇక్కడే ఉంటుందని రాసి ఇస్తే చాలు. ఒకరు ఒక్కరికే అలా హామీ ఇవ్వవచ్చు. కొడుకు సంతకం పెట్టాడు, బామ్మ ఓటు వేసింది. ఇద్దరి గడుల్లో గుర్తు పెట్టేసి కంగారుపడ్డ ఒకాయనకు ఆ బ్యాలెట్ రద్దు చేసి ఇంకొకటి ఇచ్చాం. పెన్సిల్ అయితే చెరిపేస్తారని కొందరు సొంత పెన్ను తెచ్చుకున్నారు, అదీ చెల్లుతుంది. ఆ భయం ఎందుకు అక్కర్లేదో నాకు రాత్రి తెలిసింది.

తలుపులు మూశాక పెట్టె సీలు తీశాం. పార్టీల ఏజెంట్లు ఎదురుగా కూర్చున్నారు. ఒక్కొక్క బ్యాలెట్ విప్పి, అందరికీ చూపించి, పేరు చదివి, ఆ పేరు కుప్పలో పెట్టాలి. ఇంకొకరు కాగితం మీద గీతలు గీస్తుంటారు. పార్టీ లెక్క, ఖాళీగా వేసినవి, చెల్లనివి, మిగిలిన బ్యాలెట్లు, అన్నీ కలిపితే మొదట ఇచ్చిన సంఖ్యకు సరిపోవాలి. కవర్లలో పెట్టి సీలు వేసి, లెక్క కాగితం మీద సంతకాలు చేశాం. ఇన్ని కళ్ల ముందు ఎవరైనా ఏం చెరుపుతారు?

ఆ టేబుల్ దగ్గర నాకు తగిలింది ఇంకొకటి. కన్జర్వేటివ్ కుప్ప పక్కనే లిబరల్ కుప్ప కూడా ఎత్తుగానే పెరిగింది. ఎన్డీపీ కుప్ప మాత్రం చాలా పలచన. మా ఈశాన్య కాల్గరీలో 2021లో స్కైవ్యూ సీటు లిబరల్స్ గెలిచారు, ఈసారి ఈ వైపు కన్జర్వేటివ్‌లు గెలిచారు. అంటే పోటీ ఉంది. కానీ ఇంటికొచ్చి టీవీలో మ్యాప్ చూస్తే ఆల్బర్టా అంతా ముద్దగా నీలం. 37 సీట్లలో 34 కన్జర్వేటివ్, రెండు లిబరల్, ఒకటి ఎన్డీపీ. ప్రావిన్స్‌లో నాలుగో వంతు కంటే ఎక్కువ మంది లిబరల్స్‌కు వేశారు, వాళ్లకు దక్కింది ఆ రెండే. టొరంటో నగరంలో కథ తిరగబడుతుంది, అక్కడ మ్యాప్‌లో కనిపించనిది కన్జర్వేటివ్‌ల ఓట్లు. 2024లో మన ఆంధ్రప్రదేశ్‌లో 39 శాతం ఓట్లు తెచ్చుకున్న వైసీపీకి 175లో 11 సీట్లు వచ్చాయి కదా, అదే లెక్క.

ఆల్బర్టా వాళ్లు ఇలా, క్యుబెక్ వాళ్లు అలా అని టీవీలో మాట్లాడినప్పుడల్లా నాకిప్పుడు ఆ కుప్పలు గుర్తొస్తాయి. ప్రాంతాల మధ్య తేడా అబద్ధం కాదు, నేను రెండు చోట్లా బతికి చూశాను. కానీ ఈ ఎన్నికల పద్ధతి ఆ తేడాను ఉన్నదానికన్నా పెద్దది చేసి చూపిస్తుంది. అదే పద్ధతిలో జరిగే చివరి ఎన్నిక 2015దే అని జస్టిన్ ట్రూడో మాటిచ్చి, 2017లో పక్కన పెట్టేశారు. 2018లో బ్రిటిష్ కొలంబియా ప్రజలే రెఫరెండంలో మార్పు వద్దన్నారు. నాకు మాత్రం వచ్చిన ఓట్లను బట్టి సీట్లు ఇచ్చే పద్ధతి కావాలి. ఆల్బర్టా నుంచి పది మంది లిబరల్ ఎంపీలుంటే ఒట్టావా ఈ ప్రావిన్స్ మాట ఇంకాస్త వింటుందని, ఇక్కడివాళ్లు ఒట్టావాను కాస్త తక్కువ తిడతారని అనుకుంటున్నాను.

చివరికి లిబరల్స్ 169 సీట్లతో మెజారిటీకి మూడు సీట్ల దూరంలో ఆగారు. ఎన్డీపీ ఏడుకు పడిపోయింది, పోలియెవ్ తన సొంత సీటు కార్ల్‌టన్‌లోనే ఓడిపోయి, ఆగస్టులో ఆల్బర్టా పల్లెసీమలోని ఒక ఉపఎన్నికలో గెలిచి పార్లమెంటుకు వెళ్లారు. క్యుబెక్‌లోని టెర్బాన్‌లో రీకౌంటింగ్‌లో లిబరల్, బ్లాక్ అభ్యర్థుల మధ్య తేడా ఒక్క ఓటు. ఆ వార్త మా ఆయనకు చదివి వినిపించాను.

ఎన్నిక మర్నాడే ఆల్బర్టా ప్రభుత్వం, పౌరులు సంతకాలు సేకరించి రెఫరెండం కోరడాన్ని తేలిక చేసే బిల్లు పెట్టింది, దానితో విడిపోవాలన్న మాట మళ్లీ లేచింది. సంఘం భోజనాల దగ్గర ఇదే చర్చ. కొందరు కుర్రాళ్లు "విడిపోతే పన్నులు తగ్గుతాయి కదా" అంటుంటే అన్నయ్య, "పన్ను సరేలే నాయనా, పాస్‌పోర్టు ఎవరిది చూపిస్తావు?" అని అడిగారు. అక్టోబర్‌లో మున్సిపల్ ఎన్నిక వచ్చింది. అక్కడా చేత్తోనే లెక్కింపు, పైగా కాల్గరీ బ్యాలెట్ మీద తొలిసారి స్థానిక పార్టీల పేర్లు. దానికీ వెళ్లి వేశాను. మా ఆయన పౌరసత్వ దరఖాస్తు పంపారు, పరీక్షకు చదువుతున్నారు. ఇరవై ప్రశ్నల్లో పదిహేను రావాలి. వచ్చే ప్రావిన్స్ ఎన్నికకల్లా ఆయన పేరూ జాబితాలో చేరితే, ఇద్దరం డ్యూటీకి పేరు ఇద్దామనుకుంటున్నాం.